ఏడు బకెట్లు

పొద్దున్నే లెక్క పెడతాను.
నిన్న ఆరు. ఇవాళ ఏడు.
ఎర్మెలిందా కడుపులోంచి తోడి
మళ్లీ ఆ సముద్రంలోకే పోస్తాను,
ఎవరి సొమ్ము వాళ్లకిచ్చినా
బాకీ తీరనట్టు.

చిలోయే దీవుల్లో వాన పడని రోజుని
పేరు పెట్టి గుర్తుంచుకుంటాం.
పైన వాన, కింద ఉప్పు,
మధ్యలో రెండు వేళ్ల మందాన సైప్రెస్ పలక.
దాని మీద నేను, కుర్రాడు యెర్కో,
సంతకి చేరాల్సిన పన్నెండు బస్తాల బంగాళాదుంపలు.

మొదట నాలుకనే అడిగాను.
వేలు ముంచి చప్పరించాను.
ఉప్పే. కానీ పూర్తి ఉప్పు కాదు,
నిజంలో ఎవరో కాస్త అబద్ధం కలిపినట్టు.

నీరు పల్లమెరుగు అంటారు.
ఎరుగుతుంది, కాదనను.
ఎక్కడి నుంచి వచ్చావే అంటే మాత్రం
పల్లంలో కూచుని
నా మొహమే నాకు చూపిస్తుంది.

తొలి అనుమానం ఇంజను ఇరుసు మీద.
అది గోడ దాటే చోట చుట్టిన తాడు
చెమర్చాలి, నిమిషానికి రెండు బొట్లు,
అది దాని ధర్మం.
గడియారం పట్టుకుని కూచున్నాను.
రెండే.
దండం పెట్టి వదిలేశాను.

రెండో అనుమానం, దాచడమెందుకు,
రొసామెల్ మామ మీద.
మూడేళ్ల కిందట ఎడమ పక్క పలకలు మార్చింది ఆయనే.
సందుల్లో అలెర్సె బెరడు పీచు కూరుతుంటే
తన సుత్తి చప్పుడు తనకే వినపడని ముసలాయన.
"పీచు బిగిసిందో లేదో చెవికే కదా తెలిసేది"
అని చేపల రేవులో పదిమంది ముందు అన్నాను.
ఆ మాట ఆయన చెవిలో ఎవరూ అరవలేదు.
ఎలా తెలిసిందో మరి,
ఆ ఆదివారం నన్ను చూసి టోపీ తీయలేదు.

అడుగంతా తుడిచి, ఆరబెట్టి,
గోధుమ పిండి చల్లాను,
నీటికి అడుగుజాడలుంటే పడతాయని.
రాత్రంతా టార్చి పట్టుకుని
పడవ పక్కటెముకల మధ్య బోర్లా పడుకున్నాను.
ఎప్పుడు కన్నంటిందో.
తెల్లారేసరికి అంతా ముద్ద.
రొట్టెకి పనికిరాదు, సాక్ష్యానికి చాలదు.

చివరికి ఆయనే వచ్చాడు, పిలవకుండా,
అమావాస్య పెద్ద ఆటు రోజున.
సముద్రం కనుచూపు మేర వెనక్కి పోయింది.
ఎర్మెలిందాకి రెండు పక్కలా గుంజలు ఆనించి
బురదలో నిటారుగా నిలబెట్టాం.
ఆయన చేతిలో పెద్ద కుండ,
హొర్తెన్సియా బీట్‌రూట్‌లు ఉడికించిన నీళ్లు.
"బయట వెతుకుతావేం? లోపల పొయ్యి.
వచ్చిన దారినే పోతుంది."

పోశాను. ఎడమ పలకలు మునిగేదాకా
మంచినీళ్లు కూడా మోసి పోశాను.
ఏడాదిగా తోడి తోడి అరిగిన చేతులతో
నేనే నింపుతుంటే
యెర్కో మొహం అటు తిప్పుకుని నవ్వాడు.

తర్వాత బురదలో మోకాళ్ల మీద.
ఎడమ పక్క, ఆయన కూరిన సందులు: పొడి.
వేలితో రాశాను, గోరు దూర్చాను. పొడి.
కుడి పక్క, వెన్నుదూలానికి జానెడు పైన
ఒక ఎర్రటి బొట్టు.
చూస్తుండగానే రెండోది.

అక్కడ లోపల ఏముందో నాకు తెలుసు.
బ్యాటరీ పెట్టె కదలకుండా నేను బిగించిన స్క్రూ.
ఆ రోజు దుకాణంలో పొట్టివి అయిపోయాయి,
పొడుగుదైతే ఏంలే అనుకున్నాను.

మామ ఏమీ అనలేదు.
అంటాడని కాచుకుని ఉన్నాను, అనలేదు.
జేబులోంచి ఒక సైప్రెస్ మేకు,
దాని మెడకి చుట్టడానికి చిటికెడు పీచు తీసి
సుత్తి నా చేతికే ఇచ్చాడు.
కొట్టాను.
ఆయన పలక మీద అరచెయ్యి ఆనించి
కళ్లు మూసుకున్నాడు.
మూడో దెబ్బకి తల అడ్డంగా ఊపాడు.
ఆరో దెబ్బకీ అంతే.
తొమ్మిదో దెబ్బకి చెయ్యి తీశాడు.

పన్నెండు బస్తాల్లో ఒకటి
వాళ్ల గుమ్మంలో దించి వచ్చాను.
సాయంత్రానికి హొర్తెన్సియా సగం తిప్పి పంపింది.
ఎందుకు సగమో నేను అడగలేదు.

మర్నాడు పొద్దున్న లెక్క:
అర బకెట్టు.
వేలు ముంచి చప్పరించాను.
చప్పన.
ఇది పైనుంచి వచ్చింది, డెక్కు సందుల్లోంచి.
దీని సంగతి ఎండాకాలంలో చూస్తాం,
ఎండాకాలం వస్తే.