కంటిన్యూటీ

గాంధీనగర్లో, మేడ మీది హాల్లో
సంతాప సభ.
ఏడుగురు మాట్లాడారు. ఎనిమిదో ఆయన
కాగితాలు తెచ్చుకున్నాడు.
శరభయ్య గారే ఉంటే
మొదటి నమస్కారం దగ్గరే కత్తెర పడేది.

వెనక వరసలో కూర్చున్నాను.
ఇరవై రెండేళ్ళు ఆయన కుర్చీ పక్కన
చిన్న స్టూలు మీద కూర్చున్నదాన్ని.
గ్లాసు ఏ చేతిలో ఉంది,
జడ ముందుకుందా వెనక్కుందా,
కొవ్వొత్తి ఎంత కరిగింది,
రాసుకోవడం నా పని.
నిన్నటి కన్నీటి చుక్క
ఇవాళ్టి చెంప మీద అదే చోట ఉండేట్టు చూడటం.

ఆయన మొదట రీళ్ళు చుట్టే కుర్రాడు.
ఇక్కడికి రెండు వీధుల అవతల,
ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లమ్మే చోట హాలుండేది.
తెగిన ఫిల్మును బ్లేడుతో గీకి, జిగురు రాసి అతికేవారట.
మిగిలిన ముక్కలు జేబులో వేసుకుని
బందరు కాలవ గట్టున ఎండకు పెట్టి చూసేవారట.
"తలుపు తీసే ముక్క ఎగిరిపోయిందమ్మాయ్.
బయటున్నవాడు లోపలున్నాడు.
హాల్లో ఒక్కడూ అడగలేదు.
ఆ తలుపు జనమే తీసుకున్నారు."

మొదటి పిక్చరు నూరు రోజులు.
రెండోది కాస్త అటూ ఇటూ.
మూడోది శుక్రవారం వెళ్ళి
సోమవారానికి పెట్టెలు తిరిగొచ్చాయి.
డిస్ట్రిబ్యూటరు ఆఫీసు మెట్ల కింద
ఆ రేకు పెట్టెల మీదే కూర్చుని ఇడ్లీ తిన్నాం.
"చట్నీలో ఉప్పు లేదు" అన్నారు. అంతే.

తర్వాత ఐదేళ్ళు పెళ్ళిళ్ళకు వీడియో తీసిన సంగతి
సభలో ఎవరూ ఎత్తలేదు.
సత్యనారాయణపురంలో ఒక పెళ్ళి,
తాళి కట్టే నిమిషం
కెమెరా పెళ్ళికూతురి చెల్లెలి మీదుంది,
రేపట్నించి ఆ గదిలో ఒక్కతే పడుకోబోయే పిల్ల మీద.
వాళ్ళు సగం డబ్బే ఇచ్చారు.

ఆరో సినిమా. కృష్ణలంకలో ఇరుకు సందు.
ఇస్త్రీ బండావిడకు కొడుకు పోయాడని కబురొస్తుంది.
రచయిత రెండు పేజీలు రాశాడు, మంచి మాటలే.
చదివి, మడిచి, నా నోట్‌బుక్కులో పెట్టి
"ఇవి దాచు" అన్నారు.

బల్ల మీద కొడుకు చొక్కా.
కబురు చెప్పినవాడి కాళ్ళు మాత్రం
కనపడి వెళ్ళిపోయాయి.
ఆవిడ కాలరు చేసింది. చేతులు చేసింది.
జేబు చేసింది. మళ్ళీ కాలరు.
పెట్టెలో బొగ్గుల ఎరుపు తగ్గి, బూడిదై,
చల్లారిన ఇనుము
చల్లటి గుడ్డ మీద నడుస్తూనే ఉంది.
ఆయన కట్ అనలేదు.
ఫిల్ము అయిపోయి కెమెరాయే గరగరమని ఆగింది.

ఆ రీలు పడుతుంటే
హాల్లో సోడా కుర్రాడు
సీసాల మీద ఓపెనరు మోగించడం మరిచిపోయాడు.

చప్పట్లు కొట్టారందరూ. నేను కొట్టలేదు.
అంతకు ముందేడు, మా నాన్న పోయిన రోజు
కబురు పొద్దున్నే వచ్చినా
షాటయ్యాకే చెప్పారు నాకు.
విని, తలూపి, రాస్తూనే ఉన్నానట.
పెన్నులో సిరా అయిపోయి చాలాసేపయిందట.
ఆయన చూశారు. ఎవరికీ చెప్పలేదు.
పెన్నుని ఇస్త్రీ పెట్టె చేసి, కాగితాన్ని చొక్కా చేసి
తెర మీద నాకే చూపించారు.

అది దొంగతనమో, దండం పెట్టడమో
ఇప్పటికీ తేలలేదు.
మూడు సినిమాల జీతం కూడా రావాలి.

ఎనిమిదో ఆయన నాలుగో కాగితం తిప్పాడు.
అలవాటు పోదు, నోట్‌బుక్కు తెరిచాను.
ఫొటో: బంతిపూల దండ ఎడమకు జారింది,
ఒక కన్ను కనపడదు.
స్టేజీ మీద ఒక కుర్చీ ఖాళీ.
మూలన మైకు కుర్రాడు
మోచేతికి వైరు చుట్టుకుంటూ,
కిటికీలోంచి కాలవ వైపు చూస్తూ.
కెమెరా వాడి మీదే ఉండేది.

రాయబోతూ
పెన్నొకసారి విదిలించి చూసుకున్నాను.