కొసరు

ముప్ఫై ఆరు ప్రశ్నలు.
ఒక్కోదానికి అయిదు గడులు:
లేదు, కొంచెం, ఓ మోస్తరు, చాలా, అసలు చేయలేను.
సున్నా నుంచి నాలుగు.
రాయపురం ఆసుపత్రిలో
మందులిచ్చే కిటికీ పక్క గదిలో
తెలుగు వచ్చినందుకు నన్ను కూర్చోబెట్టారు.

కాసిమేడు నుంచి వచ్చింది ఎల్లంగమ్మ.
పదిహేడేళ్ళుగా మాత్రలు మింగుతోంది.
కూర్చోగానే నా కాగితాల కట్టని
చేప చెవులెత్తి చూసినట్టు ఎత్తి చూసింది.
"ఇంత పెద్ద లెక్కా, నాకు?"

"గత ముప్ఫై రోజుల్లో
అరగంట నిలబడ్డానికి ఎంత కష్టమైంది?"

"ఏ ముప్ఫై? అమాసకి ముందా, తర్వాతా?
మొన్న మంగళారం అడిగుంటే, పాపా,
నీ కాగితం నిండా నాలుగులే పడుండేవి.
లేవలా. గుక్కెడు నీళ్ళు గొంతు దిగలా.
ఇయ్యాల చూడు, తెల్లారి మూడింటికే హార్బర్లో ఉండా.
ఐసు గంప నేనే ఎత్తుకున్నా."

కొంచేనికీ చాలాకీ మధ్య పెన్ను ఆగింది.
ఓ మోస్తరు దగ్గర టిక్కు పెట్టాను.
అలలకి సగటు తీస్తే
సముద్రం చదునుగానే ఉంటుంది.

"కిలోమీటరు నడవాలంటే?"

"నడుస్తా.
కాకపోతే చెప్పు ఊడిపోయినా తెల్దు.
ఎనకాల వచ్చే పిల్లోళ్ళు అరస్తారు,
అవ్వా, నీ చెప్పూ, అని.
ఆ పాత మాత్రలు పాదాల్లో నరాల్ని తినేసినై అన్నాడు డాక్టరు.
అప్పుడు బతికించిందీ అయ్యే.
వాటినేమంటాం."

నడుస్తుంది. కొంచెం. ఒకటి.
చెప్పుకి గడి లేదు.

మొగుడి ఊసు ఏ ప్రశ్నలోనూ రాలేదు.
తనే అంది:
"బోటు మీద పారాదీపు దాకా పొయ్యేవాడు.
సంపాదించిందంతా దాచేవాడు.
ఇదొక్కటే ఇచ్చాడు."
నేను తలొంచుకుని పేజీ తిప్పాను.

"కుప్పంలో పెళ్ళిళ్ళకి, జాతరకి
అందరిలా వెళ్ళడానికి ఎంత కష్టం?"

"కష్టమేముంది. పిలవరు."

నేను ఆగాను.
ఆమె కూడా ఆగింది, తర్వాతి ప్రశ్న కోసం.
శిక్షణలో గట్టిగా చెప్పారు,
జవాబుని దిద్దొద్దు, చెప్పింది చెప్పినట్టే రాయమని.
కష్టం లేదు.
సున్నా.

"కొత్తవాళ్ళతో మాట్లాడ్డానికి?"
నవ్వింది. పక్కపన్ను లేదు.
"కొత్తోళ్ళతోనే గదమ్మే సులువు!"
ఇంకో సున్నా.

చివర కూడాను. పంతొమ్మిది.
నూటికి మారిస్తే పదమూడు చిల్లర.
స్వల్పం, అంటోంది పట్టిక.

"ఎంతొచ్చింది?"
"పదమూడు."
"నూటికా! మా మనవడికి లెక్కల్లో
ఇంతకంటే ఎక్కువే వస్తాయే."
కాసేపు కాగితం వైపే చూసి,
కొంగుతో మెడ తుడుచుకుని,
"మేం తూకమెయ్యం పాపా, కుప్పేసి అమ్ముతాం.
కుప్ప ఎత్తి పోసినాక పైన నాలుగు నెత్తళ్ళు యేస్తాం గదా, కొసరు,
అది పడితేనే కొన్నోళ్ళు మళ్ళీ వస్తారు.
నీ దాంట్లో కొసరెక్కడ యేస్తావు?"

నా దగ్గర జవాబు లేదు.
టోకెను పిలిచారు. మూడు నెలల మాత్రలు
చీర మడతలోకి వెళ్ళిపోయాయి.

కాగితం అంచున, పిన్ను గుచ్చిన మూల,
ఎవరూ కంప్యూటర్లోకి ఎక్కించని చోట
సన్నగా రాశాను:
మంగళవారం. చెప్పు. పిలవరు.

కిటికీలోంచి కనిపించింది.
ఆఖరి మెట్టు మీద ఆగి
వంగి
రెండు చెప్పులూ కాళ్ళకే ఉన్నాయో లేదో
కళ్ళతో చూసుకుని
అప్పుడు రోడ్డు దాటింది.