గీత దాటిన రంగు

లాలాపేటలో పాత కాగితాల కొట్టు ఖాదర్ వలీ
నేను కనపడగానే కాటా పక్కకి జరుపుతాడు.
"పిట్టల మామ్మగారూ, మీకోసమే దాచా" అంటాడు.
దాచిన పిట్టల మీద ఎప్పుడూ ఏదో ఒక బరువుంటుంది.
ఈసారి రైల్వే టైంటేబుళ్లు.

భూతద్దం తీస్తాను.
చుక్కలు చుక్కలుగా కనిపిస్తే, మిషను.
తడి ఆరిన చోట అంచు కాస్త ముదిరితే, చెయ్యి.
బొమ్మ చుట్టూ చూపుడువేలితో తడుముతాను
రాగిరేకు నొక్కిన పల్లం తగులుతుందేమోనని.
ఎండకి ఏటవాలుగా పడితే
కంటిమీద పూసిన తుమ్మబంక తళుక్కుమంటుంది.
నూటయాభై ఏళ్లు గడిచినా
ఆ పిట్ట ఇంకా నన్ను నమ్మడం లేదు.

ఇవాళ జెముడుకాకి దొరికింది.
కంటికి పసుపు వేశారు.
జెముడుకాకి కన్ను ఎరుపని
మా వీధిలో ముక్కు తుడుచుకోవడం రాని పిల్లాడైనా చెబుతాడు.
వేసిన మనిషి దాన్ని ఎప్పుడూ చూసి ఉండదు.
ఎక్కడో మంచు కురిసే ఊళ్లో, కిటికీ పక్కన,
రోజుకిన్ని కళ్లని లెక్క.
నాకు కోపం రాలేదు.

బ్రాడీపేట నాలుగో లైన్లో బెంజమిన్ గారి స్టూడియో.
వెనక గది. పన్నెండేళ్ల నేను.
నలుపు తెలుపు ఫొటోలకి బుగ్గలు ఎర్రబరిచేదాన్ని.
పోయినవాళ్లే ఎక్కువ వచ్చేవాళ్లు.
"చీర ఏం రంగండీ?" అనడిగితే
పొన్నెకల్లు నుంచి వచ్చినాయన
చాలాసేపు ఆలోచించి
"ఏమోనమ్మా, గమనించలా" అన్నాడు.
ఆవిడకి నాకిష్టమైన నెమలికంఠం వేశాను.
అట్ట వెనక స్టూడియో ముద్ర పడింది.

ఈ కాగితాల కింద
గీసినాయన పేరు ఎడమన, చెక్కినాయన పేరు కుడిన,
అచ్చేసిన వీధి పేరు కూడా ఉంటుంది.

బీరువాలో అరవైనాలుగు పోగయ్యాయి.
యార్డు నుంచి వచ్చే మిరప ఘాటుకి
వీటికి పురుగు పట్టదని నా నమ్మకం.
మా కోడలు తుమ్ముతూ నవ్వుతుంది.

ఎవరికీ చూపించనిది ఒకటుంది.
ఎర్రకాళ్ల కొంగ. ముక్కుకి పసుపు,
రొమ్ముకి అడ్డంగా నలుపు, కాళ్లకి ఎరుపు,
అన్నీ అయ్యాయి.
తోక దగ్గర గులాబీ పడాల్సిన చోట
వట్టి కాగితం.
బొమ్మకి దూరంగా, మార్జిన్లో,
గులాబీ రంగు బొటనవేలి ముద్ర.
నా వేలు ఆనించి చూశాను.
ముద్ర కనపడకుండా పోయింది.
పన్నెండేళ్లప్పుడైతే సరిపోయేది.

"మీకు చేతనైన పనేగా,
పూర్తిచేస్తే రెండింతలు పలుకుద్ది" అంటాడు ఖాదర్ వలీ.

నిన్న ఆటో మాట్లాడుకుని ఉప్పలపాడు వెళ్లాను.
చెరువులో చెట్లు కనపడనన్ని గూడబాతులు,
కొంగలు, ఒకటే రొద, కంపు.
ఒక కొంగ వంగి ఈకలు సర్దుకుంటుంటే
ఆ గులాబీ కనిపించింది.
నేననుకున్న రంగు కాదు.
తెల్లచీరకి పక్కచీర రంగు దిగి
ఎంత జాడించినా పోదే, అదీ.

రాత్రి పెట్టె దింపాను.
సాసర్లో కలిపితే మూడోసారికి కుదిరింది.
కుంచె మొన పెదాలతో సూది చేశాను, పాత అలవాటు.
కాగితం మీదకి వంగాను.
బొటనవేలికి రంగంటింది.

ఎక్కడ తుడుచుకోవాలో తెలీక
చాలాసేపు
చెయ్యి గాల్లో ఉంచుకుని కూచున్నాను.