మామిడి కొత్త

నా పుస్తకంలో అది నూట పద్నాలుగో ఊరు.
మందస దాటి, జీపు ఆగిపోయిన చోటు నుంచి
రెండు గంటల కొండ.
సంచి మోయడానికి సవర సుంబురును
రెండొందలకు మాట్లాడుకుని
నూటయాభై చేతిలో పెట్టాను.
లెక్కపెట్టుకోలేదు అతను, మొలలో దోపుకుని
"రాయి మీద కాలెట్టకు బావూ, జారతాది" అన్నాడు.

నీళ్ల సీసా నాది. గొడుగు నాది.
నీడ కనబడితే ముందు కూర్చున్నది నేను.

ఊరంటే ఒకే వరస ఇళ్లు, గోడకి గోడ ఆనుకుని,
ఒకరి దగ్గు ఇంకొకరి నిద్రలోకి వినబడేట్టు.
ఎర్రమన్ను మీద బియ్యప్పిండి బొమ్మలు:
నెమలి, నిచ్చెన, గుర్రమెక్కిన తాత.
ఎవర్నీ అడక్కుండా ఫోటోలు తీసుకున్నాను.

పెరట్లో రాలిన పండు ఒకటి,
చిలక కూడా కొట్టనిది.
జేబుకత్తితో చెక్కు తీసి
టెంక తెల్లబడేదాకా చీకాను, ఒక్కణ్నే.
అయిదుగురు పిల్లలు నిలబడి చూశారు.
గుటకలు మింగారు గాని
కాళ్ల దగ్గర మరో మూడున్నా వంగలేదెవరూ.
నేనంటే భయమేమో అనుకున్నాను.
ఆ అనుకోవడం కూడా బాగానే ఉండింది నాకు.

రాత్రి చోడి అంబలి పోస్తూ సుంబురు చెప్పాడు,
తిట్టినట్టు కాదు, రేపు వానొస్తుందన్నట్టు:
"మామిడి కొత్త అవనేదు బావూ ఇంకా.
ముందు పోనోళ్లకి ఎట్టాల.
తరవాత ఊరంతా ఒక్కరోజే తింటాం.
నువ్వెరగవు కదా, నీ తప్పునేదు."

ఆ తప్పులేకపోవడం
గొంతులో టెంకలా అడ్డంపడింది.

కాలు బెణికిందని చెప్పి ఆరు రోజులున్నాను.
రెండో రోజుకే నొప్పి లేదు.
జీడిసొన అంటి నా చెయ్యి పొక్కితే
అతను నవ్వి, పసరు పూసి, మళ్లీ నవ్వాడు.
సాయంత్రాలు ఒకే బుర్రలో జీలుగుకల్లు,
అతను తాగి నాకు, నేను తాగి అతనికి.
మొదట్లో అంచు తుడిచేవాణ్ని.
ఎప్పుడు మానేశానో గుర్తులేదు.

కొత్తరోజు
ఇంటింటి కాయలూ ఒకే చాప మీద కలిసిపోయాయి.
సుంబురు పెద్దమ్మ జన్నమ్మ ఆకులు పరిచి
పోయినవాళ్లని పేరుపేరునా పిలిచి
ముక్క పెడుతోంది.
నా వంక తిరిగింది.
"నీవోల్ల పేరు సెప్పు బావూ."

అమ్మ పేరు రావాలి. నాన్న పేరు రావాలి.
నోట్లోంచి ఊడిపడింది పోలినాయుడు.

బొబ్బిలివాడు. పదేళ్లు నాతో తిరిగినవాడు.
బిలాస్‌పూర్ ప్లాట్‌ఫారం మీద జ్వరంతో వణుకుతుంటే
టికెట్టు దండగని
దుప్పటి కప్పి (అదీ అతని దుప్పటే)
రైలెక్కేశాను.
మర్నాడు నూట రెండో ఊరు రాసుకున్నాను.

"ఎప్పుడు పోనాడు?"
తెలీదన్నాను.
"పోనాడా?"
తెలీదు.

జన్నమ్మ చెయ్యి ఆకు మీద ఆగింది.
ముక్కని తిరిగి చాప మీద పెట్టేసింది.
"బతికున్నోడికి ఇక్కడ ఎట్టకూడదు.
ఎల్లి సూసి రా."

అప్పటికే పిల్లల మోచేతుల దాకా రసం కారుతోంది.

దిగేటప్పుడు సంచికి ఒక చెవి నేను పట్టుకున్నాను.
బాకీ యాభై ఇవ్వబోతే సుంబురు పుచ్చుకోలేదు.
"ఉండనీ. అప్పుంటే మళ్లీ వస్తావు."

పలాసలో బండెక్కాను.
ఒళ్లో ఆరు పళ్లు, పెట్టంతా వాసన.
కొత్త అయిపోయింది, తినొచ్చు.
కత్తి జేబులోనే ఉంది.

బొబ్బిలిలో ఏ వీధో
పదేళ్లలో ఒక్కసారీ
అడగలేదు అతన్ని.