ఒకటికి నాలుగు

మా ఇంట్లోంచి చక్కెర వెళ్ళిపోయి ఆరేళ్ళు.
డాక్టర్ చీటీ రాసిన సాయంత్రమే
సిగ్ని డబ్బాలన్నీ పక్కింటికి సాగనంపింది,
జామ్ సీసాలతో సహా,
నా కోటు జేబులో తలదాచుకున్న
రెండు పిప్పరమెంట్లతో సహా.
టకోమా రేవులో టగ్‌బోటు ఇంజన్ గదిలో
ముప్ఫై ఎనిమిదేళ్ళు
ఆరు చెంచాలు వేసుకుని కాఫీ తాగినవాణ్ణి.
నోరు కట్టేసుకున్నాను.

మొన్న మార్చిలో చక్కెర తిరిగొచ్చింది.
నా కోసం కాదు.
పెరట్లో ఎర్రపూల పొద ముందు
తీగా దారం లేకుండా
గాలికి వేలాడిన బొటనవేలంత ప్రాణం కోసం.
సిగ్ని కిటికీ దగ్గర ఉల్లిపాయ సగం తరిగి
అలాగే ఉండిపోయింది.
"హమ్మింగ్ బర్డ్," అంది,
ఎవరో చుట్టం పేరు గుర్తొచ్చినట్టు.

ఎర్ర అడుగున్న గాజు సీసా కొనుక్కొచ్చాం.
ఒకటికి నాలుగు, అంది.
కప్పు చక్కెరకి నాలుగు కప్పుల నీళ్ళు.
తేనె కూడదు, రంగు అసలే కూడదు.
కరిగేదాకా కలపడం నా పని,
చల్లారేదాకా కాపలా తన పని.
ఆ చెంచా కూడా తనే కడిగేది,
నా మీద అంత నమ్మకం.

పదకొండు రోజులు ఎవరూ రాలేదు.
చీమలొచ్చాయి. ఓ కందిరీగ వచ్చింది.
తాగే దిక్కు లేకపోయినా
మూడ్రోజులకోసారి పారబోసి,
సీసా తోమి, మళ్ళీ ఒకటికి నాలుగు.
పన్నెండో రోజు, పాత టగ్ జెండాలోంచి
ఎర్రముక్క ఒకటి కత్తిరించి సీసాకి కట్టాను.
జెండా చూసొచ్చాడో, తన దారినే వచ్చాడో,
మధ్యాహ్నానికి ఒకడు దిగాడు.

దిగి, ఇల్లు రాయించుకున్నాడు.
పిట్ట కొంచెం, పెత్తనం ఘనం.
రేగుచెట్టు కాదిది, నా ప్లమ్ చెట్టు,
దాని ఎండుకొమ్మ మీద కూర్చుని
వచ్చినవాళ్ళనందర్నీ తరిమేవాడు.
అటు తిరిగితే గొంతు బొగ్గు,
ఇటు తిరిగితే నిప్పు.
నా మొదటి కెప్టెన్ అచ్చం ఇంతే.
అలాంటి వాళ్ళతో వాదించకూడదు,
వాళ్ళ కంటికి ఆనని చోట
ఇంకో బల్ల వెయ్యాలి.
గ్యారేజీ మలుపు వెనక రెండో సీసా కట్టాను.
బూడిదాకుపచ్చ ఆడపిట్ట
అక్కడ నిమ్మళంగా తాగడం మొదలెట్టింది.

రోజంతా తీపే దానికి భోజనం.
ఏ డాక్టరూ చీటీ రాయడు.

చలికి ఎటో పోతాయనుకున్నాం. పోలేదు.
డిసెంబర్‌లో ఒక తెల్లవారుజామున
సీసా రాయైపోయింది.
బట్టల తీగ మీద ఆ ఆడపిట్ట
అక్రోటు కాయలా ఉబ్బి, కళ్ళు మూసుకుని.
పోయిందనుకున్నాను.
దగ్గరికెళ్ళి చూస్తే
ఎక్కడో లోపల, ఉందో లేదో అన్నంత కదలిక.
నాకు తెలుసు ఈ పద్ధతి.
సరుకు లేని రాత్రి రేవులో
ఇంజన్ ఆర్పం, మంట తగ్గిస్తాం అంతే.

సీసాని స్వెట్టర్ కింద పొట్టకి ఆనించుకుని
మెట్ల మీద కూర్చున్నాను.
డెబ్భై మూడేళ్ళ పొట్ట,
దానికీ ఒక ఉపయోగం దొరికింది.
మంచు విరిగాక తిరిగి కట్టి,
పక్కనే ఇంజన్ గది నాటి దీపం వేలాడదీశాను.
ఏడున్నరకి పిట్ట ఒణికింది.
మళ్ళీ ఒణికింది.
తర్వాత ఆ చప్పుడు,
ఎవరో పట్టుగుడ్డ ఆగకుండా చింపుతున్నట్టు.
నా చెవికి జానెడు దూరంలో
నిలబడి తాగింది.

సీసా కారి బొటనవేలు జిగటగా ఉంది.
కిటికీలో సిగ్ని.
మేమిద్దరం ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం.
తను మెల్లగా స్టవ్ వైపు తిరిగింది,
అక్కడేమీ పొంగడం లేదు.

లోపలికొచ్చి బూట్లు విప్పుతుంటే
"ఎలా ఉంది?" అంది, వెనక్కి చూడకుండానే.
"చల్లగా," అన్నాను.