నాలుక కింద

నోరు తెరువు.
నాలుక ఎత్తు.
ఊఁ, ఇంక మూసుకో.
పది నిమిషాలు పలకబాక, ఉమ్మబాక,
గుటక గూడా వేయబాక.
సలోమి సిస్టరు గోడ గడియారం చూస్తా ఉంటాది,
నేను నిన్ను.

మీరావలీ,
నువ్వు మాట్లాడలేవు గాబట్టి చెప్తా ఉండా.
లేకపోతే ఆ దొంగనవ్వుతో అడ్డం పడతావు.

వ్యాను దిగిననాడు
నీ కాళ్ళకింకా రొయ్యల గుంట వాసన.
ఏరేటరు చక్రం ఒక్కటాగినా
తెల్లారేసరికి సరుకంతా తెల్లగా తేలిపోద్దని
కన్ను మూయని కాపలా.
మేలుకోవడానికొక మాత్ర,
నిద్రపోవడానికింకోటి,
ఆనక నడుం నొప్పికని ఎవడో నేర్పిన సూది.
అల్లూరు నించి ఇస్కపల్లి దాకా గుంటలు మారావు,
సూది మారలా.
ఆఖరికి షావుకారు మోటారే అమ్మావు.
కాయితంలో దొంగతనమని ఉండాది,
సూది సంగతి ఏ కాయితంలోనూ లేదు.

మొదటి మూడు రాత్రుళ్ళూ
ముక్కు కారతా, కాళ్ళు తన్నుకుంటా,
రోహిణి ఎండల్లో చలి చలని
ముగ్గురి దుప్పట్లు లాక్కున్నావు.
"నాటకం" అన్నాడు వార్డరు.

నేను సారా మనిషిని.
ఎందుకొచ్చానో అడగబాక,
ఆ రాత్రి నాకే సరిగ్గా గుర్తులేదు,
గుర్తున్నవాళ్ళు కోర్టులో చెప్పారు.
పద్నాలుగేళ్ళ కింద ఈ చెముడుగుంట జైల్లోనే
గోడ నిండా జెర్రులు పాకతన్నాయని అరిస్తే
తువ్వాళ్ళతో మంచానికి కట్టేశారు.
అప్పుడు మందేదీ లేదు, తువ్వాలే.
కట్టినోడే అర్ధరాత్రి లేచొచ్చి
ఒకటి ఊడదీసి, నీళ్ళలో ముంచి,
నా నుదుటి మీద వేశాడు.
వాడి పేరు ఇప్పటికీ తెలీదు నాకు.

ఇంకా ఆరు నిమిషాలు.
దవడ కదిలించబాక.

పెంచలయ్యని నువ్వు చూళ్ళేదు.
మొదట్లో మాత్ర బుగ్గన దాచి
ఆరబెట్టి నాలుగు బీడీలకి అమ్మేవాడు,
అందుకే ఈ నాలుక ఎత్తే తంతు.
తర్వాత బాగుపడ్డాడు. నిజంగానే.
ఎనిమిది నెలలు జైలు తోటలో వంకాయలు పండించాడు,
పుచ్చు లేనివి ఏరి ఆసుపత్రికి పంపేవాడు.
శుక్రవారం విడుదల.
ఆదివారం కావలి బస్టాండు వెనక పడుండాడు.
పాత లెక్కే ఎక్కించుకున్నాడు,
ఒళ్ళు ఆ లెక్క మర్చిపోయిందని తెలీక.
ములాఖతులో ఎవరికో వచ్చిన జంతికల పొట్లం విప్పితే
ఆ కాయితంలో ఉండాది వాడి ఫోటో,
నూనె మరక కింద.

అందుకే చెప్పేది, వినుకో.
నీ బెయిలు ఎప్పుడో నాకు తెలీదు,
వచ్చిన రోజు సిస్టరు చీటీ రాసిస్తాది.
దాన్ని జేబులో కాదు, చేతిలో పట్టుకో.
గేటు దాటాక రోడ్డు మీద
ఆటో వాళ్ళల్లో నిన్ను ఎరిగినోళ్ళుంటారు,
కేకేస్తారు, బిర్యానీ పెట్టిస్తామంటారు.
చెవుడొచ్చినట్టు నడువు.
నెల్లూరు బస్సెక్కి పెద్దాసుపత్రి దగ్గర దిగు.
అక్కడ గూడా ఒక కిటికీ ఉంటాదంట,
అక్కడ గూడా నాలుక ఎత్తమంటారంట.
ఎత్తు. సిగ్గేంది?

నేను చూళ్ళేదులే ఆ కిటికీ.
నాకు బెయిలు లేదు.

అయ్యింది.
తెరువు.
ఎత్తు.
ఏం లేదు, మొత్తం కరిగింది.
సిస్టరు రిజిస్టరులో గీత కొట్టింది.

ఇంతసేపూ పట్టి ఉంచిన ఊపిరి వదిలి
నువ్వన్న మొదటి మాట:
"మామా, రేపు గూడా ఉప్మానేనా?"

అయిదు రోజులుగా తిండి ఊసే ఎత్తనోడివి.
అవునబ్బయా, ఉప్మానే.