పప్పు ఉడకని బావి

కనిగిరికి పడమర, బడి వరండాలో
నాలుగు కుర్చీలు, ఒక్క బల్ల.
నా పని మినిట్స్ రాయడం.

పెంచలప్రసాదు గారు రాళ్లు చదివిన మనిషి.
ఆయన పటంలో ఇళ్లు లేవు,
ఎర్ర చుక్కలుగా బోర్లు,
పక్కన లోతు, అడుగుల్లో.
డాక్టర్ షహనాజ్‌కి ఊరంటే నూట పద్నాలుగు నోళ్లు,
రోల్ నంబర్ల వారీగా
గార కట్టిన పళ్లు, కట్టని పళ్లు.
ఎకనామిక్స్ కుర్రాడు
వంగిపోయిన నడుములకు కూలి లెక్క కట్టాడు,
ఏడాదికి ఇన్ని పనిదినాలు నష్టమని.

మూడు కాగితాలు పక్కపక్కన పెడితే
మూడు వేరే ఊళ్ల సంగతిలా ఉంది.
మధ్యాహ్నం దాకా
ఒకరి మాట ఒకరు మర్యాదగా విన్నారు.
అదీ రాశాను.

అన్నం వడ్డిస్తూ మాలకొండమ్మ అంది,
ఎవరితోనూ కాదు, గరిటెతో అన్నట్టు:
"బోరు నీళ్లకి పప్పు ఇట్టే మెత్తబడిద్ది.
మా పల్లె బావి నీళ్లకి చచ్చినా ఉడకదు.
గట్టి నీళ్లు,
మా పిల్లకాయల పళ్ల మాదిరే."

పెంచలప్రసాదు గారి చేతిలో ముద్ద ఆగింది.
సున్నం తగ్గిన నీళ్లలోనే
రాయి తన విషం వదులుతుందని
ముప్పయ్యేళ్లుగా తెలుసాయనకు.
దాని రుజువు పొయ్యి మీద
రోజూ ఉడుకుతోందని తెలీదు.

డాక్టరమ్మ ఎడమచేత్తో జాబితా తిరగేసింది.
తెల్ల పళ్లు ఇరవై మూడు.
పేర్లు చదువుతుంటే
మాలకొండమ్మ తలూపుతూ పోయింది:
"మా పల్లె. మా పల్లె.
ఈడు మా ఆడబిడ్డ కొడుకు. మా పల్లె."

అక్షాంశాలున్నాయి, పుట్టిన తేదీలున్నాయి,
పల్లె అనే గడి
ముగ్గురి కాగితాల్లోనూ లేదు.

సర్పంచి మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు.
"బావి మంచిదే. కాకపోతే ఆడనించి తెచ్చి మనం..."
మినిట్స్‌లో సగం వాక్యం ఎలా రాయాలో
నాకెవరూ నేర్పలేదు.
చుక్కలు పెట్టాను.
పటం మడుస్తూ పెంచలప్రసాదు గారు
"దీన్ని కొలిచే మీటరు నా దగ్గర లేదు" అన్నారు.

మాలకొండమ్మ ఖాళీ గిన్నె నడుముకెత్తుకుంది.
"తోడి పోయటానికేం, పోస్తాం.
గంటసేపు ఎక్కువ మండే గ్యాసు
ఎవురిస్తారు?"
కుర్రాడు ఫోన్లో లెక్క మొదలెట్టాడు.
"రాత్రే నానబెడితే?" అంది డాక్టరమ్మ.
"ఏ నీళ్లల్లో?" అంది ఆమె.

అప్పుడు ముగ్గురూ ఒక్కసారే మాట్లాడారు,
నీళ్లూ, పళ్లూ, గ్యాసూ, ఎవరి బిందె ఎవరు ముట్టాలన్నదీ.
ఏ మాట ఎవరిదో
రాసుకోవడం నాకు కుదర్లేదు.